ఎవరూ పట్టించుకోని పుస్తకం.. వదులుకున్న ఉద్యోగం.. చివరికి ప్రపంచమంతా ఆయన పేరే! వోల్టేజీ గుట్టు విప్పిన జార్జ్ ఓమ్ కథ

స్విచ్ వేస్తాం.. లైట్ వెలుగుతుంది. ఛార్జర్ పెడతాం.. ఫోన్ ఎక్కుతుంది. ఇదంతా మనకు మామూలే. కానీ ఆ వైరులో అసలు ఏం జరుగుతోంది? వోల్టేజీ అంటే ఏంటి, కరెంట్ అంటే ఏంటి, వైరు ఎందుకు వేడెక్కుతుంది? 200 ఏళ్ల కిందట పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు కూడా ఈ ప్రశ్నలకు సరైన లెక్క తెలియదు. ఆ లెక్క తేల్చింది జర్మనీలో ఓ మామూలు స్కూల్ టీచర్. ఆయన పేరు జార్జ్ సైమన్ ఓమ్. పదో తరగతి చదివిన ప్రతి ఒక్కరూ ఆయన నియమం రాసే ఉంటారు. అయితే ఆ ఒక్క లైన్ కోసం ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశారో చాలామందికి తెలియదు. ఆ కథేంటో ఇప్పుడు చూద్దాం.

తాళాలు చేసే తండ్రి.. ఇంట్లోనే బడి

1789 మార్చి 16.. జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో ఓమ్ పుట్టారు. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ తాళాలు తయారుచేసే పనివాడు. తల్లి ఓ దర్జీ కూతురు. ఏడుగురు పిల్లలు పుడితే చివరికి మిగిలింది ముగ్గురే. జార్జ్, తమ్ముడు మార్టిన్, సోదరి ఎలిజబెత్. జార్జ్‌కు పదేళ్లు వచ్చేసరికి తల్లి కూడా చనిపోయింది.

తండ్రి పెద్ద చదువులు చదవలేదు. కానీ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, తత్వశాస్త్రం.. అన్నీ సొంతంగా నేర్చుకున్నాడు. తాను నేర్చుకున్నదంతా కొడుకులిద్దరికీ ఇంట్లోనే నూరిపోశాడు. బడిలో చెప్పేది అంతంతమాత్రం. అసలు చదువు ఇంట్లోనే. జార్జ్‌కు 15 ఏళ్లప్పుడు ఎర్లాంగెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ లాంగ్స్‌డార్ఫ్ పరీక్ష పెట్టి చూసి ఆశ్చర్యపోయారు. ఈ అన్నదమ్ములు స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రఖ్యాత గణిత కుటుంబం బెర్నూలీల స్థాయికి వెళ్లగలరని అంచనా వేశారు. ఆ అంచనా వట్టిపోలేదు. తమ్ముడు మార్టిన్ కూడా తర్వాత పేరున్న గణిత శాస్త్రవేత్త అయ్యాడు.

డ్యాన్సులు, బిలియర్డ్స్.. మూడు సెమిస్టర్లకే బ్రేక్

1805లో జార్జ్ ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరారు. అక్కడికి వెళ్లాక కుర్రాడి ధ్యాస మారింది. డ్యాన్సులు, ఐస్ స్కేటింగ్, బిలియర్డ్స్.. వీటితోనే రోజులు గడిచిపోయాయి. కడుపు కట్టుకుని చదివిస్తున్న తండ్రికి ఒళ్లు మండింది. మూడు సెమిస్టర్లు కాగానే చదువు మాన్పించేశాడు. 1806లో స్విట్జర్లాండ్‌లోని ఓ స్కూల్లో లెక్కల టీచర్‌గా పంపించేశాడు. అప్పటికి జార్జ్ వయసు 17 ఏళ్లు.

అదే ఆయన్ను మార్చేసింది. పగలు పిల్లలకు పాఠాలు.. మిగతా సమయంలో ఆయిలర్, లాప్లాస్, లాక్రువా లాంటి మహామహుల గణిత గ్రంథాలు. గురువు లేడు, క్లాస్ లేదు. అంతా సొంతంగానే. 1811లో సొంతూరికి తిరిగొచ్చి అదే యూనివర్సిటీలో డాక్టరేట్ సాధించారు. అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు కానీ వచ్చే డబ్బు కడుపు నిండడానికే చాలలేదు. 1813లో బాంబెర్గ్‌లో ఓ చిన్న స్కూల్ ఉద్యోగానికి వెళ్లారు. మూడేళ్లకు ఆ స్కూలూ మూతపడింది.

పేదరికంలోనే ఓమ్ జామెట్రీ మీద ఓ పుస్తకం రాసి 1817లో అచ్చు వేయించారు. కాపీని ప్రష్యా రాజుకు పంపారు. ఈసారి అదృష్టం కలిసొచ్చింది. రాజుకు పుస్తకం నచ్చింది. అదే ఏడాది కొలోన్ నగరంలోని జెస్యూట్ హైస్కూల్లో లెక్కలు, ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. ఆ స్కూల్లో మంచి ఫిజిక్స్ ల్యాబ్ ఉంది. తాళాలు చేసే తండ్రి దగ్గర పెరిగిన ఓమ్‌కు పరికరాలు స్వయంగా తయారు చేసుకోవడం బాగా తెలుసు. కథ మలుపు తిరిగింది ఇక్కడే.

అప్పటికి ప్రపంచానికి తెలిసింది ఎంత?

ఇటలీకి చెందిన వోల్టా 1800లో తొలి బ్యాటరీని లోకానికి చూపించారు. జింకు, వెండి లేదా రాగి బిళ్లలు, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు.. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆగకుండా కరెంట్ వచ్చింది. 1820లో డెన్మార్క్‌కు చెందిన ఓర్‌స్టెడ్ మరో వింత కనిపెట్టారు. కరెంట్ పారుతున్న వైరు పక్కన దిక్సూచి పెడితే ముల్లు పక్కకు తిరిగింది. అంటే కరెంట్ ఎంత పారుతుందో ముల్లు ఎంత తిరిగిందన్న దాన్ని బట్టి కొలవొచ్చన్నమాట.

కానీ ఒక చిక్కుముడి మిగిలే ఉంది. బ్యాటరీ రెండు చివర్లు కలపకుండా ఉంచితే అక్కడ ఒక రకమైన బిగువు ఉంటుంది. దాన్ని ఎలక్ట్రోస్కోప్‌తో చూడొచ్చు. చివర్లను వైరుతో కలిపితే కరెంట్ పారుతుంది. దాన్ని దిక్సూచితో చూడొచ్చు. ఈ రెండింటికీ సంబంధమేంటి? కరెంట్ మొదలవగానే ఆ బిగువు మాయమైపోతుందని ఫ్రాన్స్‌కు చెందిన ఆంపియర్ లాంటి దిగ్గజాలే అనుకున్నారు. బిగువు వేరు, ప్రవాహం వేరు అన్నదే అప్పటి మాట. ఆ రెండూ ఒకే సర్క్యూట్‌లో ఒకేసారి ఉంటాయని, ఒకదాన్ని ఇంకొకటి నడిపిస్తుందని లెక్కగట్టి చూపించడమే ఓమ్ చేసిన పని. ఆ బిగువునే ఇప్పుడు మనం వోల్టేజీ అంటున్నాం.

మొదటి ప్రయత్నం తప్పింది!

ఓమ్ ప్రయోగం ఆలోచన చాలా సింపుల్. ఒకే మందం ఉన్న వైర్లు తీసుకోవాలి. పొట్టి వైరు, పొడుగు వైరు.. ఒక్కొక్కటీ సర్క్యూట్‌లో పెట్టాలి. కరెంట్ ఎంత తగ్గుతుందో చూడాలి. అంతే. 1825లో ఆయన తొలి పేపర్ వచ్చింది. కానీ అందులో ఇచ్చిన సూత్రం తప్పు. లాగరిథమ్‌లతో కూడిన ఆ లెక్క తర్వాత నిలబడలేదు.

ఎందుకిలా అయింది? అసలు దొంగ బ్యాటరీ. అప్పటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు. వైరు కలిపిన క్షణంలో ఒక బలం, కాసేపటికి ఇంకో బలం. అలాంటి బ్యాటరీతో కొలిస్తే తగ్గింది వైరు వల్లనా, బ్యాటరీ వల్లనా ఎలా తెలుస్తుంది? అప్పుడు పేరున్న సైన్స్ పత్రిక సంపాదకుడు పొగెన్‌డార్ఫ్ ఒక సలహా ఇచ్చారు. బ్యాటరీ పక్కన పెట్టి థర్మోకపుల్ వాడి చూడమన్నారు. ఆ సలహాతో దారి దొరికింది.

ఒకవైపు ఐస్.. మరోవైపు మరిగే నీళ్లు

థర్మోకపుల్ అంటే ఏంటి? రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల అతికిస్తారు. ఒక అతుకును వేడిగా, ఇంకో అతుకును చల్లగా ఉంచితే చాలు.. సర్క్యూట్‌లో కరెంట్ పుడుతుంది. 1821లో సీబెక్ కనిపెట్టిన సంగతి ఇది. ఓమ్ బిస్మత్, రాగి తీసుకున్నారు. ఒక అతుకు మరిగే నీటిలో, ఇంకోటి ఐస్‌లో పెట్టారు. నీళ్లు మరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత మారదు. ఐస్ కరుగుతున్నంతసేపూ అదీ మారదు. ఇక కరెంట్ ఇచ్చే మూలం నిలకడగా ఉండక ఏం చేస్తుంది?

కరెంట్ కొలవడానికి ఓమ్ ఒక అయస్కాంత సూదిని సన్నటి లోహపు పట్టీతో వేలాడదీశారు. కరెంట్ పారితే సూది తిరుగుతుంది. దాన్ని మళ్లీ పాత చోటికి తేవడానికి పైన పట్టీని ఎంత మెలిపెట్టాలో అదే కరెంట్ కొలత. ఇక 8 రాగి వైర్లు. మందం ఒకటే. పొడవు 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా. 1826 జనవరిలో కొలతలు మొదలయ్యాయి.

ఫలితం చూస్తే మొదట తికమకగానే ఉంటుంది. 2 అంగుళాల వైరుకు కొలత సుమారు 326. 130 అంగుళాల వైరుకు సుమారు 48. అంటే వైరు పొడవు 65 రెట్లు పెరిగింది. కరెంట్ మాత్రం 65 రెట్లు తగ్గలేదు. ఏడు రెట్ల లోపే తగ్గింది. ఎందుకు?

ఇక్కడే ఓమ్ బుర్ర మెరిసింది. కరెంట్‌ను అడ్డుకునేది బయట పెట్టిన వైరు ఒక్కటే కాదు. థర్మోకపుల్ లోహాలు, మిగతా కనెక్షన్లు.. ఇవన్నీ అడ్డుకుంటాయి. ఆ మొత్తాన్ని లెక్కిస్తే సుమారు 20 అంగుళాల వైరుతో సమానమని తేలింది. ఇప్పుడు లెక్క చూడండి. మొదటిసారి 20కి 2 కలిపితే 22. చివరిసారి 20కి 130 కలిపితే 150. 22 నుంచి 150కి అంటే దాదాపు ఏడు రెట్లు. కరెంట్ తగ్గింది కూడా అంతే! మొత్తం అడ్డంకి ఎన్ని రెట్లు పెరిగితే కరెంట్ అన్ని రెట్లు తగ్గుతుంది.

ఓమ్ అక్కడితో ఆగలేదు. అతుకుల మధ్య ఉష్ణోగ్రత తేడాను తగ్గించి మళ్లీ కొలిచారు. కరెంట్ తగ్గింది. కానీ ఆ 20 అంగుళాల లెక్క మారలేదు. అంటే తోసే బలం వేరు, అడ్డుకునే గుణం వేరు. ఒకదాన్ని మార్చినా రెండోది అలాగే ఉంది. ఈ రెండూ విడివిడిగా చేతికి చిక్కడమే అసలు విజయం. తోసే బలాన్ని అడ్డంకితో భాగిస్తే కరెంట్ వస్తుంది. మన పుస్తకాల్లో వీ ఈక్వల్ టు ఐఆర్ అని చదివేది ఇదే. వీ అంటే వోల్టేజీ.. దీన్నే పొటెన్షియల్ భేదం అంటారు. ఐ అంటే కరెంట్. ఆర్ అంటే నిరోధం.

ఇంతకీ వోల్టేజీ అంటే ఏంటి? ఇలా చూస్తే ఈజీ

మేడ మీద వాటర్ ట్యాంక్ ఉందనుకోండి. ట్యాంక్ ఎంత ఎత్తులో ఉంటే కుళాయిలో నీళ్లు అంత జోరుగా వస్తాయి. ఆ ఎత్తు తేడా లాంటిదే వోల్టేజీ. పారే నీళ్లు కరెంట్. పైపు సన్నగా ఉంటే నీళ్లు తగ్గుతాయి కదా.. అది నిరోధం. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఎత్తు అనేది ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడానే. వోల్టేజీ కూడా అంతే. ఒక్క బిందువుకు వోల్టేజీ అంటే, ఇంకో బిందువుతో పోల్చి చెప్పడమే. కరెంటు తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కాకపోవడానికి కారణం ఇదే. రెండు కాళ్లూ ఒకే తీగ మీద దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి మధ్య వోల్టేజీ తేడా దాదాపు సున్నా. అదే మనిషి నేల మీద నిలబడి ఆ తీగను తాకితే తీగకు, నేలకు మధ్య ఉన్న తేడా అంతా ఒంటి మీదే పడుతుంది. ప్రాణం పోతుంది.

ఇంకో మాట. కరెంట్ ఖర్చయిపోతుందని మనం అనుకుంటాం. బల్బులోకి వెళ్లిన కరెంట్ అక్కడే కాలిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి బల్బులోకి ఎంత కరెంట్ వెళ్తుందో బయటికి అంతే వస్తుంది. ఒక్క ఎలక్ట్రాన్ కూడా మాయం కాదు. మరి ఏది ఖర్చవుతుంది? శక్తి. ఒక కూలంబ్ ఛార్జ్ ఒక వోల్ట్ తేడా దాటితే ఒక జౌల్ శక్తిని వదిలేస్తుంది. అంటే వోల్టేజీ అన్నది ప్రతి కూలంబ్ ఛార్జ్ ఎంత శక్తిని అందిస్తుందో చెప్పే లెక్క.

ఓ టార్చి లైట్ తీసుకుందాం. 1.5 వోల్టుల సెల్స్ రెండు.. మొత్తం 3 వోల్టులు. బల్బు నిరోధం 10 ఓమ్‌లు అనుకుందాం. కరెంట్ 0.3 ఆంపియర్లు. అంటే సెకనుకు 0.3 కూలంబ్‌ల ఛార్జ్ బల్బు గుండా వెళ్తుంది. ఒక్కో కూలంబ్ 3 జౌళ్లు ఇస్తుంది కాబట్టి సెకనుకు 0.9 జౌళ్లు. అదే 0.9 వాట్లు. ఇప్పుడు అలాంటి బల్బులు రెండు ఒకదాని వెనక ఒకటి కలిపితే? అడ్డంకి రెట్టింపు.. కరెంట్ సగం. 3 వోల్టులను రెండు బల్బులూ చెరి సగం, 1.5 చొప్పున పంచుకుంటాయి. ఒక్కో బల్బుకు అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే రెండూ మసకబారతాయి. పక్కపక్కన విడివిడిగా కలిపితే మాత్రం రెండింటికీ 3 వోల్టులూ దక్కుతాయి.. వెలుగు తగ్గదు. కానీ సెల్ నుంచి కరెంట్ రెట్టింపు పోతుంది, త్వరగా అయిపోతుంది. మన ఇళ్లలో వైరింగ్ చేసేది ఈ రెండో పద్ధతిలోనే.

జీవితమంతా పెట్టి రాసిన పుస్తకం.. స్పందన సున్నా

మళ్లీ ఓమ్ దగ్గరికి వద్దాం. 1826లో ఆయన సగం జీతం మీద ఏడాది సెలవు తీసుకుని బెర్లిన్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లారు. తన ప్రయోగాల వెనక ఉన్న సిద్ధాంతమంతా కూర్చి పుస్తకం రాశారు. వేడి ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు ఎలా ప్రవహిస్తుందో ఫ్రాన్స్‌కు చెందిన ఫోరియర్ అప్పటికే గణితంలో చూపించారు. విద్యుత్ కూడా అలాగే తేడా ఉంటేనే పారుతుందని ఓమ్ చెప్పారు. 1827లో పుస్తకం బయటికొచ్చింది. బ్యాటరీకి తండ్రి అయిన వోల్టా కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

యూనివర్సిటీ ప్రొఫెసర్ కావాలన్నది ఓమ్ కల. ఈ పుస్తకమే ఆ కలకు తాళం చెవి అనుకున్నారు. కానీ జరిగింది వేరు. అప్పటి జర్మనీలో చాలామంది ఫిజిక్స్ వాళ్లకు ఇంత గణితం మింగుడుపడలేదు. ప్రకృతిని తత్వచింతనతో అర్థం చేసుకోవాలి తప్ప సమీకరణాలతో కాదన్న ధోరణి బెర్లిన్‌లో బలంగా ఉండేది. పోల్ అనే ప్రొఫెసర్ రాసిన సమీక్ష పుస్తకాన్ని చీల్చి చెండాడింది. మిగతావాళ్లలో ఎక్కువమంది అసలు పట్టించుకోనే లేదు. తిట్టినవాళ్ల కంటే చదవనివాళ్లే ఎక్కువ.

మనసు విరిగిన ఓమ్ 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేశారు. చేతిలో వేరే ఉద్యోగం లేదు. ఆ తర్వాత బెర్లిన్‌లోనే ఉండిపోయి, మిలటరీ స్కూల్లో వారానికి కొన్ని గంటలు లెక్కలు చెబుతూ కాలం గడిపారు. సుమారు ఐదేళ్లు ఇదే పరిస్థితి. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్ స్కూల్లో ప్రొఫెసర్ పోస్టు దొరికింది. ఊపిరి పీల్చుకున్నారు కానీ ఆయన కోరుకున్న యూనివర్సిటీ కుర్చీ మాత్రం కాదది. పెళ్లి చేసుకోలేదు. ఒంటరి జీవితమే.

సొంత దేశం కాదన్నా.. లండన్ పిలిచి మెడల్ ఇచ్చింది

నిజం ఎక్కువ రోజులు దాగదు కదా. జర్మనీలోనే ఫెక్నర్ అనే శాస్త్రవేత్త 1831లో సొంత ప్రయోగాలతో ఓమ్ లెక్క కరెక్టేనని చూపించారు. ఫ్రాన్స్‌లో పూయే అనే శాస్త్రవేత్త కొన్నేళ్ల తర్వాత ఇదే సంబంధాన్ని మళ్లీ కనిపెట్టారు. అప్పుడు అందరి చూపూ ఓమ్ వైపు మళ్లింది. ఈలోగా టెలిగ్రాఫ్ వచ్చేసింది. మైళ్ల కొద్దీ తీగలు వేస్తున్నారు. అవతలి చివర ముల్లు కదలాలంటే ఎన్ని బ్యాటరీలు పెట్టాలి, ఎంత మందం తీగ వాడాలి? ఊహలతో పని జరగదు. ఓమ్ సూత్రం లేకుండా అడుగు ముందుకు పడదని ఇంజినీర్లకు అర్థమైపోయింది.

1841లో లండన్ రాయల్ సొసైటీ ఓమ్‌కు కోప్లీ మెడల్ ఇచ్చింది. ఆ రోజుల్లో సైన్స్‌లో అంతకు మించిన గౌరవం లేదు. అదే ఏడాది ఆయన పుస్తకం ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది సొసైటీ విదేశీ సభ్యుడిగా చేర్చుకుంది. పుస్తకం అచ్చయిన 14 ఏళ్లకు దక్కిన గుర్తింపు ఇది.

ఓమ్ రాసిన దాంట్లో ఒక లోటు ఉండేది. తోసే బలం అని ఆయన చెప్పింది సరిగ్గా దేన్ని అన్నది స్పష్టంగా ఉండేది కాదు. కిర్కాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1849లో అది పొటెన్షియలేనని తేల్చి ఆ లోటు పూడ్చారు. ఇంగ్లండ్‌లో జేమ్స్ జౌల్ అనే బీరు తయారీదారుడి కొడుకు శక్తి లెక్కను చూపించారు. కరెంట్ పారే వైరులో పుట్టే వేడి, కరెంట్ వర్గానికి, నిరోధానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1841లో ప్రకటించారు. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలు అన్నమాట. ఓమ్, జౌల్.. ఈ ఇద్దరి లెక్కలూ కలిస్తేనే సర్క్యూట్‌లో శక్తి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో పూర్తిగా తెలుస్తుంది.

కల నెరవేరింది.. కానీ రెండేళ్లే!

1849లో ఓమ్‌కు మ్యూనిక్ నుంచి పిలుపొచ్చింది. బవేరియా అకాడమీ పరికరాల సేకరణ బాధ్యత, దాంతో పాటు యూనివర్సిటీలో పాఠాలు. 1852లో మ్యూనిక్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ కుర్చీ దక్కింది. చిన్నప్పటి నుంచీ కన్న కల అది. అప్పటికి ఆయన వయసు 63 ఏళ్లు. రెండేళ్లకే, 1854 జూలై 6న మ్యూనిక్‌లోనే కన్నుమూశారు.

సముద్రం అడుగున మూగబోయిన కేబుల్.. తప్పు ఎక్కడ?

ఓమ్ పోయిన నాలుగేళ్లకు వోల్టేజీ విలువేంటో ప్రపంచానికి గట్టి దెబ్బతో తెలిసొచ్చింది. 1858 ఆగస్టులో అట్లాంటిక్ సముద్రం అడుగున తొలి టెలిగ్రాఫ్ కేబుల్ పూర్తయింది. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు సందేశం పంపారు. రెండు వైపులా సంబరాలు. కానీ సిగ్నల్ చాలా బలహీనంగా వస్తోంది. కేబుల్ చీఫ్ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ ఏం చేశారంటే.. వేల వోల్టుల బలం ప్రయోగించారు. అప్పటికే లోపాలున్న ఆ కేబుల్ పైపూత అంత వోల్టేజీని తట్టుకోలేకపోయింది. కొన్ని వారాలకే కేబుల్ మూగబోయింది. భారీ పెట్టుబడి సముద్రం పాలైంది. మరోవైపు విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త.. తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరు తెచ్చుకున్నది ఈయనే.. తక్కువ వోల్టేజీ వాడి, అవతల సున్నితమైన మీటర్ పెడితే సరిపోతుందని వాదించారు. చివరికి ఆ దారే నిలబడింది.

ఈ దెబ్బతో ఒక విషయం స్పష్టమైంది. నిరోధానికి అందరూ ఒప్పుకునే కొలత ఉండాలి. ఒక్కో దేశం, ఒక్కో కంపెనీ ఒక్కో కొలత వాడితే పని జరగదు. 1861లో బ్రిటిష్ అసోసియేషన్ దీనికోసం కమిటీ వేసింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ వోల్ట్, ఆంపియర్‌తో పాటు ఓమ్‌నూ ప్రపంచ ప్రమాణంగా ఖాయం చేసింది. ఒక వోల్ట్ తేడా పెడితే ఒక ఆంపియర్ కరెంట్ పారే చోట నిరోధం ఒక ఓమ్. వోల్టా, ఆంపియర్ బతికుండగానే ప్రపంచ ప్రఖ్యాతులు. వాళ్ల సరసన స్కూల్ టీచర్ ఓమ్ పేరు!

ఆయన కంటే ముందే ఒకరు కనిపెట్టారా?

అవును, ఇందులో ఒక ట్విస్ట్ ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ కావెండిష్ 1781లోనే దాదాపు ఇదే సంబంధాన్ని గమనించారు. అప్పటికి మీటర్లు లేవు. ఉప్పునీటి గొట్టాల గుండా తన ఒంటికే షాక్ ఇచ్చుకుని, ఏ షాక్ ఎంత గట్టిగా తగిలిందో పోల్చి చూసేవారు. ఎవరితోనూ మాట్లాడని మనిషి కావడంతో ఆ నోట్సు పెట్టెల్లోనే ఉండిపోయింది. మ్యాక్స్‌వెల్ వాటిని 1879లో అచ్చు వేయించాక గానీ లోకానికి తెలియలేదు. అందుకే నియమం మీద పేరు ఓమ్‌దే. కనిపెట్టడంతో సరిపోదు.. లోకానికి చెప్పాలి, వినకపోయినా మళ్లీ చెప్పాలి.

మన ఇంట్లో ఓమ్ లెక్క.. ఇది తెలిస్తే ప్రమాదం తప్పుతుంది

ఇప్పుడు అసలు పనికొచ్చే ముచ్చట. మన దేశంలో ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. 2000 వాట్ల గీజర్ పెడితే సుమారు 8.7 ఆంపియర్ల కరెంట్ పారుతుంది. ప్లగ్ వదులుగా ఉండి, ఆ చోట కేవలం ఒక ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. జౌల్ లెక్క ప్రకారం ఆ చిన్న చోటే సుమారు 70 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలం 60 వాట్ల బల్బు ఎంత కాలేదో గుర్తుంది కదా.. అంతకంటే ఎక్కువ వేడి ఒక ప్లగ్ పిన్ను దగ్గర! ప్లాస్టిక్ కరుగుతుంది, వాసన వస్తుంది, మంటలూ లేవొచ్చు. ఫోన్ ఛార్జర్‌కు ఇదే వదులు ప్లగ్ ఉన్నా పెద్దగా తెలియదు. ఎందుకంటే అక్కడ పారే కరెంట్ చాలా తక్కువ. కాబట్టి గీజర్, ఏసీ, ఇస్త్రీ పెట్టె ప్లగ్ వేడెక్కుతున్నా, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో వాడుతున్నా వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

లో వోల్టేజీ ఉంటే హీటర్ ఎందుకు వేడెక్కదో కూడా ఈ లెక్కే చెబుతుంది. 230 ఉండాల్సిన చోట 180 వోల్టులే వస్తే, వోల్టేజీ తగ్గింది 22 శాతమే. కానీ దాంతో పాటు కరెంటూ తగ్గుతుంది. రెండూ కలిసి వేడి సుమారు 39 శాతం పడిపోతుంది.

ఊళ్ల మీదుగా పోయే పెద్ద టవర్ లైన్లలో లక్షల వోల్టులు ఎందుకు పెడతారు? దానికీ ఇదే జవాబు. 1000 వాట్లను 100 వోల్టులతో పంపితే 10 ఆంపియర్లు కావాలి. తీగ నిరోధం ఒక ఓమ్ అయితే దారిలోనే 100 వాట్లు వేడిగా పోతాయి. అదే 1000 వోల్టులతో పంపితే ఒక్క ఆంపియర్ చాలు.. పోయేది ఒక్క వాటే. వోల్టేజీ పది రెట్లు పెంచితే నష్టం వంద రెట్లు తగ్గింది.

ఇక నెలనెలా వచ్చే కరెంటు బిల్లు సంగతి. పేరుకు కరెంటు బిల్లే కానీ మనం డబ్బు కట్టేది కరెంట్‌కు కాదు, శక్తికి. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు.

అన్నింటికీ ఓమ్ నియమం గుడ్డిగా వర్తించదన్నదీ గుర్తుంచుకోవాలి. ఎల్ఈడీ బల్బులు, డయోడ్లు ఈ నియమాన్ని పాటించవు. బల్బు ఫిలమెంట్ వేడెక్కితే దాని నిరోధమే మారిపోతుంది. ఉష్ణోగ్రత మారకుండా ఉన్న లోహపు తీగలకే ఈ లెక్క చక్కగా సరిపోతుంది. ఓమ్ ఐస్, మరిగే నీళ్లు పెట్టుకుని కుస్తీ పట్టింది కూడా ఏదీ మారకుండా ఉంచడానికే.

ఈరోజు న్యూరెంబర్గ్‌లో ఆయన పాఠాలు చెప్పిన విద్యాసంస్థ వారసత్వంతో నడుస్తున్న టెక్నికల్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండే మల్టీమీటర్ డయల్ మీద గుర్రపు లాడం లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. అది గ్రీకు అక్షరం ఒమేగా, ఓమ్‌కు చిహ్నం. బతికున్నప్పుడు ఒక యూనివర్సిటీ కుర్చీ కోసం 63 ఏళ్ల దాకా ఎదురుచూసిన మనిషి పేరు.. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ రిపేర్ షాపుకెళ్లినా ఆ మీటర్ మీద కనిపిస్తుంది.